శాస్త్రవేత్త మీద బురద చల్లే పోస్టు వచ్చిందా? ముందు ఇవి చూడండి

ఒక శాస్త్రవేత్త ఫొటో, దాని మీద ఎర్ర అక్షరాల్లో "అసలు రంగు బయటపడింది" అని హెడ్డింగు, కింద నాలుగు లైన్లు, చివర్లో "అందరికీ షేర్ చేయండి". ఇలాంటిది మీ ఫ్యామిలీ గ్రూపులోకి ఒక్కసారైనా వచ్చే ఉంటుంది. టీకా కావచ్చు, వాతావరణ మార్పు కావచ్చు, పురుగుమందు కావచ్చు, తయారీ తీరు మాత్రం ఒకటే. చూడగానే నమ్మేయడం ఎంత తొందరపాటో, "ఇదంతా ఫేక్" అని చదవకుండా కొట్టిపారేయడమూ అంతే తొందరపాటు. శాస్త్రవేత్తల మీద వచ్చే విమర్శల్లో న్యాయమైనవి ఉంటాయి, వాటిని వినాలి. అదే సమయంలో, జనానికి శాస్త్రవేత్తల మీద నమ్మకం పోగొట్టడానికి డబ్బు పెట్టి, మనుషుల్ని పెట్టి, పనిగట్టుకుని నడిపిన ప్రచారాలు కూడా డెబ్బై ఏళ్ళుగా ఉన్నాయి. ఇది ఎవరి ఊహో కాదు, ఆ ప్రచారాలు నడిపిన కంపెనీల సొంత కాగితాలే కోర్టుల ద్వారా బయటికొచ్చాయి. ఈ రెండింటినీ ఎలా విడదీసి చూడాలో నాకు తెలిసినంతలో చెబుతాను.

అన్నిటికంటే ముందు ఇది గుర్తుపెట్టుకోండి. నిజంగా అనుమానం ఉన్నవాళ్ళకి జవాబు కావాలి. జవాబు దొరికితే ఒప్పుకుంటారు, లేదంటే ఇంకాస్త లోతైన ప్రశ్న వేస్తారు. ప్రచారం నడిపేవాళ్ళకి జవాబుతో పనిలేదు, అనుమానం చల్లారకుండా ఉంటే చాలు. కింద చెప్పేవన్నీ ఈ తేడాను పట్టుకోవడానికే.

"ఇంకా రుజువు కాలేదు" అంటున్నది ఎవరు?

1950లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఊపిరితిత్తుల క్యాన్సర్ వచ్చినవాళ్ళలో సిగరెట్ అలవాటు ఎంత ఎక్కువగా ఉందో లెక్క తీసి ప్రచురించారు. 1953 చివర్లో అమెరికాలో ఎర్నెస్ట్ విండర్, ఆయన సహచరులు సిగరెట్ తారు తీసి ఎలుకల వీపు మీద పూస్తే క్యాన్సర్ కణుతులు వచ్చాయని చూపించారు. అదే డిసెంబర్‌లో పెద్ద పెద్ద పొగాకు కంపెనీల అధిపతులు న్యూయార్క్‌లోని ప్లాజా హోటల్లో కూర్చుని, హిల్ అండ్ నోల్టన్ అనే ప్రచార సంస్థను పెట్టుకున్నారు. 1954 జనవరి 4న 400కు పైగా పత్రికల్లో పేజీ నిండా ఒక ప్రకటన వచ్చింది. ప్రజల ఆరోగ్యం మా బాధ్యత, సిగరెట్ వల్లే క్యాన్సర్ వస్తుందనడానికి రుజువు లేదు, పరిశోధనకు మేమే డబ్బిస్తాం, ఇదీ దాని సారాంశం.

చదివితే ఎంత మర్యాదగా ఉంది! ఎవర్నీ తిట్టలేదు, పరిశోధన వద్దనలేదు, పైగా ఇంకా చేయండన్నారు. అసలు ప్రమాదం అక్కడే ఉంది, ఎందుకంటే ఏళ్ళ తరబడి ఎన్ని పరిశోధనలు వచ్చినా వాళ్ళ మాట మారలేదు, ఎప్పుడడిగినా "ఇంకా తేలలేదు" అనే అన్నారు. 1969 నాటి ఒక పొగాకు కంపెనీ అంతర్గత పత్రంలో ఈ సంగతి దాపరికం లేకుండా రాసుకున్నారు కూడా: అనుమానమే మన సరుకు, జనం మనసులో ఉన్న వాస్తవాలతో పోటీపడటానికి అదే మంచి మార్గం అని. 1990ల్లో ఇలాంటి కాగితాలు లక్షల కొద్దీ బయటపడ్డాయి. 2006లో అమెరికా ఫెడరల్ జడ్జి గ్లాడిస్ కెస్లర్ ఆ కంపెనీలు దశాబ్దాల పాటు ప్రజలను మోసం చేశాయని తీర్పిచ్చారు.

కాబట్టి మీరు చేయాల్సింది ఇది. "ఇంకా రుజువు కాలేదు", "శాస్త్రవేత్తల్లోనే ఏకాభిప్రాయం లేదు" అని ఎవరైనా అంటే, ఎంత ఆధారం చూపిస్తే మీరు ఒప్పుకుంటారు అని అడగండి. నిజాయితీగా అడిగేవాళ్ళు ఏదో ఒకటి చెబుతారు, ఫలానా తరహా పరిశోధన వస్తే, ఇంతమంది మీద పరీక్షిస్తే అని. రెండోవాళ్ళు మాట దాటేసి ఇంకో అనుమానం ముందు పెడతారు. ఈ ఒక్క ప్రశ్న చాలా పని చేస్తుంది, అలవాటు చేసుకోండి.

మనిషి మీద పడ్డారా, లెక్క మీద పడ్డారా?

పోస్టు మొత్తం చదివాక ఒక పని చేయండి. అందులో శాస్త్రవేత్త చెప్పిన విషయంలో తప్పెక్కడుందో చూపిస్తున్న వాక్యాలు ఎన్ని, ఆ మనిషి గురించి మాట్లాడుతున్నవి ఎన్ని అని చూడండి. విదేశీ డబ్బు, పేరు పిచ్చి, ఫలానా పార్టీ మనిషి, ఫలానా కులం, ఫలానా మతం, ఇలాంటివే నిండిపోయి అసలు పరిశోధన గురించి ఒక్క ముక్కా లేకపోతే జాగ్రత్తపడాలి.

సీసం కలిపిన పెట్రోలు కథ చూడండి. భూమి వయసు సుమారు 455 కోట్ల ఏళ్ళని 1956లో లెక్కగట్టిన క్లెయిర్ ప్యాటర్సన్, ఆ పనిలో ఎక్కడ చూసినా సీసం కలుషితం తగులుతుంటే దాని వెంటపడి, అది ఎక్కువగా పెట్రోలు నుంచి, పరిశ్రమల నుంచి గాలిలోకి వస్తోందని 1965లో గట్టిగా చెప్పారు. ఆ మాత్రం సీసంతో ప్రమాదం లేదని ఆ రోజుల్లో అమెరికాలో చెలామణీ అయిన మాట, పరిశ్రమ డబ్బుతో పనిచేసిన రాబర్ట్ కెహో అనే వైద్యుడిది. 1971లో గాలిలో సీసం మీద జాతీయ స్థాయి నిపుణుల కమిటీ వేస్తే, ఆ విషయం అంత లోతుగా తెలిసిన ప్యాటర్సన్‌కు అందులో చోటు లేదు.

ఆ తర్వాత హెర్బర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టరు బాస్టన్ దగ్గర చెల్సీ, సోమర్విల్ అనే ఊళ్ళలో బడి పిల్లల ఊడిపోయిన పాలపళ్ళు పోగుచేశారు. రెండు వేల మందికి పైగా పిల్లలు పళ్ళు తెచ్చిచ్చారు. పళ్ళలో సీసం ఎక్కువున్న పిల్లలు తెలివితేటల పరీక్షల్లో, తరగతిలో ధ్యాస పెట్టడంలో వెనకబడ్డారని 1979లో ప్రచురించారు, ఒంట్లో సీసం ఉన్న లక్షణాలేవీ పైకి కనబడని పిల్లలు వాళ్ళంతా. సీసం ఎంతవరకు ఫర్వాలేదు అనే లెక్కలన్నీ దీంతో కదిలిపోయాయి. 1991లో ఆయన మీద పరిశోధనలో అక్రమాలు చేశారని ఫిర్యాదు వచ్చింది. ఫిర్యాదు చేసిన ఇద్దరూ అంతకుముందు ఒక సీసం కాలుష్యం కేసులో ఆయనకు ఎదుటి పక్షం, అంటే కంపెనీల తరఫున నిపుణులుగా ఉన్నవాళ్ళే. ఆయన విచారణ తలుపులు మూసి కాదు, అందరి ముందు జరపమని పట్టుబట్టి సాధించుకున్నారు. చివరికి లెక్కల్లో కొన్ని పొరపాట్లు దొరికాయి, మోసం మాత్రం లేదని తేలింది, అవి సరిచేసి చూసినా అసలు ఫలితం మారలేదు. కానీ ఈలోపు ఆ మనిషి ఏళ్ళ సమయం పోయింది. బట్ట కాల్చి మీద వేస్తే మసి తుడుచుకునే పని ఎప్పుడూ అవతలివాడిదే, వేసినవాళ్ళకు పోయేదేమీ లేదు. నాకు ఈ ఉదంతంలో ఎక్కువ బాధ కలిగించేది ఇదే. మన దేశంలో సీసం పెట్రోలు 2000లో ఆగింది, ప్రపంచంలో చివరగా అల్జీరియాలో 2021లో ఆగింది. ఆ ఆలస్యానికి మూల్యం చెల్లించింది పిల్లలు.

ఇక్కడ ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చింది అనే ప్రశ్న తప్పు కాదు, అడగాల్సిందే, కానీ రెండు వైపులా అడగాలి. శాస్త్రవేత్తకు ఎవరిచ్చారో అడిగినవాళ్ళు, ఆయన మీద ఫిర్యాదు చేసినవాళ్ళకు ఎవరిచ్చారో కూడా అడగాలి కదా.

ఒక్క వాక్యం చూపిస్తే, చుట్టూ ఉన్న పేజీ అడగండి

2009 నవంబర్‌లో బ్రిటన్‌లోని ఈస్ట్ ఆంగ్లియా విశ్వవిద్యాలయం సర్వర్ల నుంచి వాతావరణ శాస్త్రవేత్తల ఈమెయిళ్ళు వెయ్యికి పైగా ఎవరో దొంగిలించి నెట్‌లో పెట్టారు. డిసెంబర్ 7న కోపెన్‌హాగన్‌లో ప్రపంచ దేశాల వాతావరణ సమావేశం మొదలవ్వాల్సి ఉంది. తేదీలు పక్కపక్కన పెట్టి చూడటం మంచి అలవాటు, ఎన్నికకో ఓటింగుకో సమావేశానికో సరిగ్గా ముందు పేలే "బయటపడ్డ నిజం" ఏదైనా సరే రెండోసారి చదవాలి.

అన్ని ఈమెయిళ్ళలో అందరి నోళ్ళలో నానింది ఒక్క ముక్క. 1999 నవంబర్‌లో ఫిల్ జోన్స్ అనే శాస్త్రవేత్త రాసిన మెయిల్లో, తగ్గుదలను కనబడకుండా చేశాను అనే అర్థం వచ్చే మాట ఉంది. ఇంకేముంది, భూమి చల్లబడుతుంటే వీళ్ళు దాచేశారు అని ప్రచారం మొదలైంది. ఇప్పుడు ఆగి ఆలోచించండి. ఆ మెయిల్ రాసేనాటికి 1998 అప్పటిదాకా నమోదైన ఏళ్ళలోకెల్లా వేడిగా రికార్డయి ఉంది. మరి తగ్గింది ఏమిటి? చెట్ల కాండంలో ఉండే వలయాలను కొలిచి పాత కాలపు వేడిని అంచనా వేస్తారు. చాలావరకు అవి థర్మామీటర్ లెక్కతో సరిపోతాయి, కానీ ఉత్తర ధ్రువం వైపు ఉన్న అడవుల్లోని కొన్ని చెట్ల లెక్క 1960 తర్వాత థర్మామీటర్‌తో కలవకుండా కిందికి పోతుంది. ఆ సంగతి అప్పటికే పరిశోధన పత్రికల్లో అచ్చయింది, రహస్యమేమీ కాదు. తగ్గుదల అంటే అదీ. ఒక నివేదిక అట్ట మీది గ్రాఫ్ కోసం ఆ ముక్క తీసేసి థర్మామీటర్ లెక్క కలిపారు. అలా కలిపామని అక్కడే స్పష్టంగా రాయాల్సింది, రాయలేదు, అది తప్పేనని తర్వాత వేసిన ఒక కమిటీ కూడా అంది.

బ్రిటన్ పార్లమెంటు కమిటీ ఒకటి, విశ్వవిద్యాలయం వేయించిన స్వతంత్ర కమిటీలు రెండు 2010లో విచారించాయి. మోసం జరిగిందని ఏ ఒక్కటీ అనలేదు. సమాచారం అడిగినవాళ్ళకు ఇవ్వకుండా దాచుకునే ధోరణి చూపారని మాత్రం తప్పుబట్టాయి. ఈలోపు ఫిల్ జోన్స్‌కు చంపుతామని బెదిరింపులు వచ్చాయి. ఆరోపణ మొదటి పేజీలో వచ్చినంత జోరుగా విచారణ ఫలితం రాలేదు, ఇప్పటికీ ఆ మెయిల్ ముక్క తిరుగుతూనే ఉంటుంది, "నిప్పు లేనిదే పొగ రాదు కదా" అనే మాటతో సహా.

అసలు చెప్పాల్సిన కథ దీని వెనకాల ఇంకోటుంది. అమెరికాలోని బర్కిలీ విశ్వవిద్యాలయంలో రిచర్డ్ ముల్లర్ అనే భౌతిక శాస్త్రవేత్తకు ఈ ఉష్ణోగ్రతల లెక్కల మీద నిజంగానే అనుమానాలుండేవి. ఆయన తిడుతూ కూర్చోకుండా సొంత బృందం కట్టి, మొత్తం రికార్డులను మొదటి నుంచి మళ్ళీ లెక్కగట్టారు. చమురు వ్యాపారంలో ఉన్న కోక్ కుటుంబానికి చెందిన ఫౌండేషన్ కూడా కొంత డబ్బిచ్చింది. ఏ ఫలితం వచ్చినా ఒప్పుకుంటానని వాతావరణ శాస్త్రాన్ని వ్యతిరేకించే ఒక పేరున్న బ్లాగరు ముందే ప్రకటించారు. 2011లో ఫలితం వచ్చింది, పాత శాస్త్రవేత్తలు చెప్పిన వేడే తేలింది. ముల్లర్ తన అభిప్రాయం మార్చుకున్నానని పత్రికలో రాసుకున్నారు. ఆ బ్లాగరు మాత్రం ఒప్పుకోలేదు, పద్ధతి బాగాలేదన్నారు. అనుమానం ఉన్న మనిషికీ, అనుమానాన్ని వదులుకోలేని మనిషికీ మధ్య తేడా ఇంత స్పష్టంగా కనబడే సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

పద్ధతి: స్క్రీన్‌షాట్‌లో ఒక్క లైను హైలైట్ చేసి వస్తే, దానికి ముందు పేరా, తర్వాత పేరా వెతకండి. దొరక్కపోతే ఆ లైన్‌కు విలువ ఇవ్వకండి. ఆరోపణ దొరికితే అక్కడితో ఆగకుండా, ఆ శాస్త్రవేత్త పేరుతో పాటు "విచారణ ఫలితం" అని ఇంగ్లీషులో కొట్టి వెతకండి. పాత ఆరోపణను కొత్తదిలా తిప్పుతూ, విచారణలో ఏం తేలిందో చెప్పకపోతే, ఆ పోస్టు పెట్టినవాళ్ళ ఉద్దేశం అర్థమైపోతుంది.

వేల సంతకాలు, గంభీరమైన పేర్లు

మనుషుల వల్ల భూమి వేడెక్కుతోందంటే "31 వేల మంది శాస్త్రవేత్తలు ఒప్పుకోవట్లేదు" అనే మాట మీరు వినే ఉంటారు. అమెరికాలో 1998లో తిరిగిన ఒక పిటిషన్ అది. దాంతో పాటు పంపిన వ్యాసాన్ని అమెరికాలో పేరున్న శాస్త్రవేత్తల సంస్థ నేషనల్ అకాడమీ పత్రికలో వచ్చినట్టు కనబడేలా ముద్రించారు, మాకూ దానికీ సంబంధం లేదని అకాడమీ ప్రకటన ఇవ్వాల్సి వచ్చింది. సంతకం పెట్టడానికి సైన్స్‌లో డిగ్రీ ఉంటే చాలు. ఒక దశలో జాబితాలో ఒక పాప్ గాయని పేరు కూడా తేలింది. కాబట్టి ఎంతమంది అన్నది పక్కన పెట్టి, ఆ విషయం మీద పనిచేసేవాళ్ళు వాళ్ళలో ఎంతమంది అని అడగండి. గుండె ఆపరేషన్ గురించి వెయ్యి మంది సివిల్ ఇంజనీర్లు సంతకం పెడితే మనం ఆ ఆపరేషన్ మానుకోం.

సంస్థల పేర్లకూ ఇదే వర్తిస్తుంది. 1993లో మంచి సైన్స్‌ను ముందుకు తీసుకెళ్ళే కూటమి అనే అర్థం వచ్చే పేరుతో అమెరికాలో ఒక సంస్థ పుట్టింది. పుట్టించింది ఫిలిప్ మోరిస్ అనే సిగరెట్ కంపెనీ, ఒక ప్రచార సంస్థ ద్వారా. వెబ్‌సైట్‌లో "మా గురించి" పేజీ తెరిచి, డబ్బు ఎవరిదో రాయకపోతే అక్కడితో మూసేయండి.

విమర్శ నిజమైనప్పుడు

ఇది చాలామంది సైన్స్ అభిమానులు దాటేసే భాగం, కానీ దీన్ని దాటేస్తే పైన చెప్పినదంతా వృథా.

2009లో ఖమ్మం జిల్లాలో, భద్రాచలం లాంటి ప్రాంతాల్లో, 10 నుంచి 14 ఏళ్ళ ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా ఎచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్టు మొదలైంది. పాత్ అనే అమెరికా సంస్థ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కలిసి చేశాయి, గుజరాత్‌లోని వడోదరలోనూ చేశారు. టీకా వేసుకున్నవాళ్ళలో కొందరు బాలికలు ఆ తర్వాతి నెలల్లో చనిపోయారు, 2010 ఏప్రిల్‌లో ప్రాజెక్టు ఆపేశారు. కేంద్రం వేసిన కమిటీ ఆ చావులకు టీకాతో సంబంధం కనబడలేదని చెప్పింది. నీళ్ళలో మునగడం, పాముకాటు, పురుగుమందు తాగడం, ఇలాంటి కారణాలున్నాయి వాటిలో. కానీ అదే విచారణలో ఇంకో సంగతి బయటపడింది. హాస్టళ్ళలో ఉన్న గిరిజన పిల్లల విషయంలో తల్లిదండ్రులను అడగకుండా వార్డెన్ల చేత, హెడ్‌మాస్టర్ల చేత అనుమతి పత్రాల మీద సంతకాలు పెట్టించారు. టీకా తర్వాత ఎవరికైనా ఇబ్బంది వస్తే నమోదు చేసే ఏర్పాటు సరిగా లేదు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని తీవ్రంగా తప్పుబట్టింది.

"టీకా పిల్లల్ని చంపింది" అన్నది ఆధారం లేని మాట. "పేద గిరిజన పిల్లల తల్లిదండ్రులను అడగకుండా టీకా వేశారు" అన్నది నిజం. ఈ రెంటినీ ఒకే ఊపిరిలో కలిపి చెప్పేవాళ్ళు నష్టం చేస్తారు. రెండోదాన్ని కూడా పుకారు అని తోసేసే సైన్స్ అభిమానులు అంతకు తక్కువ నష్టమేమీ చేయరు. నమ్మకం పోవడానికి ప్రచారాలు ఒక కారణమైతే, సంతకం ఎవరు పెట్టారో పట్టించుకోని ఆ నిర్లక్ష్యం ఇంకో కారణం. ఖమ్మంలో కూతురున్న తల్లి ఇప్పుడు టీకా అంటే ఒక్క క్షణం ఆగితే ఆమెను మూర్ఖురాలు అనే హక్కు ఎవరికీ లేదు.

ఆండ్రూ వేక్‌ఫీల్డ్ సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 1998లో 12 మంది పిల్లలతో ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్ళలు, రుబెల్లా) టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆయన పత్రం తప్పుల తడక అని బయటపెట్టింది బ్రయన్ డీర్ అనే జర్నలిస్టు. టీకా కంపెనీల మీద కేసు వేస్తున్న లాయర్ల నుంచి వేక్‌ఫీల్డ్ డబ్బు తీసుకున్నారని కూడా ఆయనే తవ్వి తీశారు. 2010లో ఆ పత్రాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది. అంటే శాస్త్రవేత్తను నిలదీయడం సైన్స్‌కు వ్యతిరేకం కాదు. డీర్ ఏళ్ళ పాటు రికార్డులు చదివి, ఏ పిల్లవాడి కేసు ఎక్కడ మార్చారో చూపించారు. నిలదీస్తే అలా నిలదీయాలి.

గ్రూపులో ఏం చేయాలి

పెద్దనాన్న పెట్టిన పోస్టు కింద అందరి ముందు "ఇది కూడా తెలియదా" అంటే ఆయన పోస్టు తీసేయరు, ఇంకో పది పెడతారు. ఆయన పరువు దగ్గర పెట్టుకుని విడిగా మెసేజ్ చేయండి, ఇంకా మంచిది ఫోన్ చేయండి. పోస్టులో నిజమున్న ముక్కను ముందు ఒప్పుకోండి, తర్వాత మిగతాది చెప్పండి. ఉదాహరణకి ఈమెయిళ్ళ పోస్టుకు నేనైతే ఇలా రాస్తాను: "పెద్దనాన్నా, మీరు పెట్టింది చదివాను. ఆ మెయిల్ నిజమైనదే, 1999లో రాసింది. అందులో తగ్గిందని చెప్పింది వేడి గురించి కాదు, కొన్ని చెట్ల వలయాల లెక్క. తర్వాత విచారణలు జరిగాయి, మోసం లేదన్నాయి, సమాచారం దాచుకున్నందుకు మాత్రం తప్పుపట్టాయి." అంతే. లింకులు పది పెట్టకండి, ఎవరూ తెరవరు, ఒక్కటి చాలు. తప్పుడు ఫొటోను మళ్ళీ ఫార్వర్డ్ చేస్తూ "ఇది ఫేక్" అని రాయకండి, కొత్తవాళ్ళ కంట పడేది ఫొటోనే.

"శాస్త్రవేత్తలు తప్పు చేయరు" అని మాత్రం ఎప్పుడూ అనకండి. రేపు ఒకరు తప్పు చేసి దొరికితే మీ మాటతో పాటు మీరు సమర్థించిన మంచి పరిశోధన కూడా కొట్టుకుపోతుంది.

ఇంకోటి, "ఈ రోజుల్లో సైంటిస్టుల్ని ఎవరూ నమ్మట్లేదు" అని ఎవరైనా అంటే తలూపకండి. 68 దేశాల్లో సుమారు 72 వేల మందిని అడిగి 2025లో ప్రచురించిన సర్వేలో ఎక్కువ దేశాల్లో జనం శాస్త్రవేత్తలను ఓ మోస్తరుకు మించే నమ్ముతున్నారని తేలింది, మన దేశం పై వరుసలో ఉంది. అందరూ నమ్మడం మానేశారు అని పదేపదే వింటే, నమ్మేవాడికి కూడా తానొక్కడే మిగిలాననిపిస్తుంది.

ఒకవేళ దాడి జరుగుతున్నది మీకు తెలిసిన డాక్టరు మీదో, మీ యూనివర్సిటీ లెక్చరర్ మీదో అయితే, చూసి ఊరుకోకండి. బెదిరింపులుంటే స్క్రీన్‌షాట్లు, తేదీలు, లింకులు భద్రపరిచి వాళ్ళకు ఇవ్వండి, సైబర్ క్రైమ్‌కు ఫిర్యాదు చేయడానికి 1930 నంబరుంది, కేంద్రం పోర్టల్ ఉంది. వాళ్ళు పనిచేసే సంస్థకు మీరు కూడా ఒక ఉత్తరం రాయండి, పైవాళ్ళకు సాధారణంగా అందేది తిట్లే కాబట్టి. ఆరోపణ మీద విచారణ వేస్తే, అది నీడిల్‌మన్ అడిగినట్టు అందరి ముందు జరగాలని అడగండి. ఫలితం వచ్చిన రోజు, అది ఎటు వచ్చినా, ఆరోపణ వచ్చిన అదే గ్రూపులో పెట్టండి.